దొంగ నరం

ఎడమ చేతి మీద రెండుసార్లు గుచ్చింది హెప్సీ. రెండుసార్లూ నరం పక్కకి జారిపోయింది.

"కుడిది తీసుకోండి సిస్టర్. ఎడమది నాకు పనికొచ్చే చెయ్యండి," అన్నాడు మంచం మీది మనిషి.

జులై ఎండలో మేడ మీద ఏసీలు బిగిస్తూ కళ్లు తిరిగి పడిపోతే, కంపెనీ డ్రైవర్ జోగయ్య అతన్ని దుబాయ్ కరామాలోని ఈ క్లినిక్‌కి తీసుకొచ్చాడు. ఒంట్లో నీళ్లు లేవు గానీ నోట్లో మాటలకి లోటు లేదు.

"కుడిచేతికి పని లేదా?"

"అది అన్నం తినడానికండి. ఇది గిటార్ వాయించడానికి."

పాలకొల్లు నుంచి వచ్చిన ఆరేళ్లలో ఏ చెయ్యీ హెప్సీని ఇంతగా ఏడిపించలేదు. బొటనవేలి మొదట్లో రెండుగా చీలి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వంగిన ఆ నరాన్ని మూడోసారి పంతం పట్టి మరీ పట్టుకుంది. "దొంగ నరం," అని గొణుక్కుంది.

"ఆయ్, దొరికిందిగాండీ మరి," అన్నాడతను. పేరు విల్సన్. ఊరు మలికిపురం.

ఆ ఆదివారం డ్యూటీ లేక హెప్సీ కొత్తగా వెళ్లిన చర్చిలో మళ్లీ కనిపించాడు. తమిళుల ఆరాధనకీ మలయాళీల ఆరాధనకీ మధ్య గంటన్నర తెలుగువాళ్లకిచ్చే హాల్లో, వేదిక పక్కన గిటార్‌తో కూర్చుని ఉన్నాడు. సంఘ పెద్ద ప్రభుదాస్ గారు ప్రతివారంలాగే, "దేవుడి పాట ఎడంచేత్తోనా?" అని సణిగారు. విల్సన్ ప్రతివారంలాగే నవ్వేసి, తీగలు సరిచూసుకోవడానికి ఎప్పటి పాటే వాయించాడు. డెబ్బై ఏళ్ల కిందట, రాక్ అండ్ రోల్ కొత్తగా పుట్టిన రోజుల్లో అమెరికాని ఊపేసిన పాట అది.

"మా తాతయ్య మిషన్ డాక్టరు గారింట్లో వంటమనిషి. దొరగారు వెళ్లిపోతూ ఆ రికార్డు ఇచ్చారు. ఆ పాటగాడిదీ ఎడంచెయ్యే. అట్ట మీద బొమ్మ చూశాకే మా అమ్మ నా చెయ్యి కొట్టడం మానేసింది," అని హెప్సీకి గర్వంగా చెప్పాడు.

తర్వాత చాయ్‌లయ్యాయి, మెట్రోలో పక్కపక్క సీట్లయ్యాయి. ఏప్రిల్‌లో దుబాయ్ మునిగేంత వాన పడిన రోజున విల్సన్ మోకాలి లోతు నీళ్లలో నడిచి, నెత్తిన బ్రెడ్డూ పాల ప్యాకెట్లూ పెట్టుకుని ఆమె బిల్డింగ్ కింద నిలబడ్డాడు. పై అంతస్తు కిటికీలోంచి ఆ అవతారం చూసి నవ్వీ నవ్వీ హెప్సీ మనసు పారేసుకుంది. రెండు ఇళ్లవాళ్లూ సరేనన్నారు. పెళ్లి డిసెంబర్‌లో. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మూడు వారాలు ఊరి చర్చిలో పాస్టరుగారు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగాలి.

అభ్యంతరం ముందు హెప్సీకే వచ్చింది.

అక్టోబర్‌లో విల్సన్ వరసగా చర్చికి రావడం మానేశాడు. అడిగితే ఓవర్‌టైమ్ అన్నాడు. బీపీ మాత్రలకి క్లినిక్‌కి వచ్చిన జోగయ్యని మాటల్లో పెట్టింది.

"ఆదివారం మాకు ఓవర్‌టైమ్ ఎక్కడిదమ్మా? గోడౌన్‌కి తాళం," అన్నాడాయన.

ఆ రోజు నుంచి హెప్సీ చూపులు మారిపోయాయి. మర్నాడు విల్సన్ చొక్కా కఫ్ మీద గంధం రంగు మరక కనిపించింది. పెయింటంట. ఏసీలకి గంధం రంగు పెయింట్ ఎవరేస్తారు? హెప్సీ గదిలోనే కింది మంచం మీద ఉండే సత్యకుమారి పిన్ని నాలుగిళ్లలో వంట చేస్తుంది. సంగతంతా విని తేల్చేసింది.

"అది ఆడోళ్లు మొహానికి రాసుకునే క్రీమేనే. మా మేడమ్ గది నిండా అవే."

"ఆడవాళ్లంటే ఎవరు పిన్నీ?"

"నన్నడుగుతావేంటి? ఆ చొక్కానడుగు."

చొక్కాని అడగలేదు గానీ, కెఫెటీరియాలో చాయ్ తాగుతూ విల్సన్ ఎడమ చెయ్యి పట్టుకుంది. చేతి వెనక వెంట్రుకలు నున్నగా గీసేసి ఉన్నాయి. ఉంగరపు వేలి చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. గంటల తరబడి బిగుతు ఉంగరం పెట్టుకుంటే తప్ప అలాంటి గాడి పడదని ఏ నర్సునడిగినా చెబుతుంది.

"ఇదేం గుర్తు?"

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "హెప్సీ, నాలుగు నెలలు అడక్కు."

"పెళ్లయ్యాక తెలియాల్సిన సంగతా అది?"

"చెప్పనని సంతకం పెట్టాను."

"ఎక్కడ?"

"అదీ చెప్పకూడదు."

చాయ్ సగంలో వదిలేసి లేచిపోయింది.

"ఉంగరం, సంతకం. ఇంకేం మిగిలిందే?" అంది పిన్ని ఆ సాయంత్రం. "ఇక్కడ బ్యాచిలర్లమని తిరిగేవాళ్లలో సగంమంది పిల్లలు ఊళ్లో బడికెళ్తున్నారు."

హెప్సీ పాలకొల్లుకి ఫోన్ చేసింది. "నాన్నా, మా పేర్లు చదవనివ్వకండి."

రత్నబాబు గారు కూతురి మాట కాదనలేదు. "ఒక్కసారి చదివాక ఆపితే ఊరందరికీ జవాబు చెప్పుకోవాలి. ముందే చెప్పావు, నయమే. ఎన్నాళ్లు ఆపనమ్మా?"

"ఫిబ్రవరి దాకా. అప్పటికీ తేలకపోతే వద్దని చెప్పేయండి."

ఫోన్ పెట్టేసి ఏడ్చింది. అతను అబద్ధాలకోరు కాకూడదని ఆమెకి ఎంత ఆశగా ఉందో, అవుతాడని అంత భయంగానూ ఉంది.

విల్సన్ గొడవ పెట్టుకోలేదు. ఆదివారాలు మళ్లీ చర్చికి వచ్చాడు, వాయించాడు, దూరంగా నిలబడ్డాడు. ఫిబ్రవరిలో మాత్రం ఒక మెసేజ్ పెట్టాడు. "శుక్రవారం మూడున్నర ఆటకి రా. తర్వాత నువ్వు ఖలాస్ అంటే ఖలాస్."

బర్ దుబాయ్‌లో పాత థియేటర్. సత్యకుమారి పిన్ని కాపలాకి వచ్చి, ఇద్దరికీ మధ్య సీట్లో పాప్‌కార్న్‌తో సర్దుకుని కూర్చుంది.

ఆరోజే విడుదలైన సినిమా అది. విల్సన్ తాతయ్య రికార్డు మీది పాటగాడి జీవితం. తెర మీద కుర్రాడు ఊరూరా తిరిగి తిట్లు తిన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఆఖరికి స్టూడియోలో మైకు ముందు నిలబడ్డాడు. ఇంత ఖర్చుపెట్టి తనకి సినిమా కథ చెప్పి మాయ చేద్దామనుకుంటున్నాడా అని హెప్సీ అనుమానంగా చూస్తూనే ఉంది.

ప్రతి ఆదివారం వినే పాట మొదలైంది. తెర నిండా ఒక ఎడమ చెయ్యి. తెల్లటి చర్మం, వేలికి పెళ్లి ఉంగరం, తీగల మీద ఆగకుండా ఆడుతోంది. బొటనవేలి మొదట్లో నరం రెండుగా చీలి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వంగింది.

హెప్సీ సీట్లో ముందుకి వంగింది. ఎన్ని రంగులు పూసినా ఆ నరాన్ని ఆమె మరిచిపోదు.

"పిన్నీ, కాస్త ఇటు జరుగు," అంది.

"ఇప్పుడా? పాట బాగుందే."

"జరుగు పిన్నీ."

పిన్ని విసుక్కుంటూ సీటు మారింది. హెప్సీ చీకట్లో తడిమి అతని చెయ్యి పట్టుకుని, బొటనవేలి దగ్గర వేలు పెట్టి చూసింది. అదే.

"ఇక్కడ ఈ సినిమా తీస్తున్న స్టూడియోలో ఏసీ బాగుచెయ్యడానికి వెళ్లాను," అన్నాడు విల్సన్ గొంతు తగ్గించి. "అక్కడ ఎడంచేతివాటం గిటార్ ఉంటే ఆగలేక ఆ పాటే వాయించాను. హీరోకి ఎడంచెయ్యి తిరగట్లేదంట. నాలుగు ఆదివారాలు నా చేతులకి ఆయన రంగు పూసి తీసుకున్నారు. పాటగాడి ఉంగరం నాకు మరీ బిగుతు. విడుదలయ్యేదాకా నోరెత్తితే కేసన్నారు."

చివర్లో ఎక్కిన పేర్లన్నీ హెప్సీ కళ్లు చిట్లించుకుని చదివింది. "నీ పేరేది?"

"చేతులకి పేర్లెయ్యరంట."

ఆమెకి ఏడుపొచ్చింది. "చూస్తే గానీ నమ్మలేకపోయాను. నన్ను తిట్టవా?"

"మొదటిరోజే చూశాగా. మూడోసారికి గాని నీకు దొరకను."

బయటికొచ్చాక సత్యకుమారి పిన్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమోనే, క్రీమ్ సంగతి మాత్రం నేను కరెక్టుగానే చెప్పాను," అంది.

హెప్సీ నవ్వుతూ నాన్నకి ఫోన్ చేసింది. "వచ్చే ఆదివారం మా పేర్లు చదివించండి నాన్నా. నాకు అభ్యంతరం లేదు."

ఫోన్ బ్యాగులో పెట్టి, దాంట్లోంచే బ్యాండేజీ టేపు చుట్ట తీసింది. విల్సన్ ఎడమ ఉంగరపు వేలి చుట్టూ ఒక వరస చుట్టి, కలిసినచోట పెన్నుతో గీత పెట్టింది.

"దెబ్బేం తగల్లేదు కదా, ఇదెందుకు?"

"కొలతకి. ఈసారి బిగుతు కాకూడదు."