ఎర్రరాతి పెదవులు

"ఇదిగో, ఈ గుహే!" అని కోదండపాణి కేక వేశారు. పాపికొండల వాగులో నడుము లోతు నీళ్లలో నిలబడి, సంచీ నెత్తిన పెట్టుకుని, అరవై దాటిన ఆ చరిత్ర మాస్టారు పసివాడిలా నవ్వుతున్నారు.

సంచీలో ఉన్నది ఒక ఎర్రరాతి ముక్క. రెండు పెదవులు, చుబుకం, దానికి తగిలించిన పెట్టుడు గడ్డం మొదలు. అంతే. కుర్రతనంలో ఈ వాగు ఒడ్డునే దొరికింది. ఇలాంటి గడ్డం ఈజిప్టు రాజులైన ఫరోల బొమ్మలకే ఉంటుందనీ, మిరియాల కోసం వచ్చిన ఏ ఓడలోనో మన తీరం చేరి ఉంటుందనీ ఆయన వాదం. పండితులు పగలబడి నవ్వారు. "ఫరోగారు గోదావరి స్నానానికొచ్చారా మాస్టారూ?" అన్నారు. కూతురు వైదేహి పైకి నవ్వలేదు గానీ, లోలోపల నమ్మనూ లేదు. మిగతా ముఖం దొరికితే తప్ప ఆయన మాటకు విలువ లేదు. అది ఈ గుహలో ఉంటుందనే ఆయన ఆశ.

దారి చూపించే పోసిరెడ్డి కాగడా వెలిగించాడు. ముగ్గురూ వంగి లోపలికి దూరారు. గబ్బిలాలు రివ్వున లేచాయి. గుహ చివర నల్లటి మడుగు, దాని పైన గోడలో తల పట్టేంత గూడు. గూటిలో పాత కుంకుమ మరక ఉంది. విగ్రహం మాత్రం లేదు. కొండను తవ్వితే ఎలుక కూడా దొరకనట్టయింది!

మాస్టారు సంచీ పోసిరెడ్డికిచ్చి గూడు తడుముతుండగా వెనక బుడుంగుమని చప్పుడైంది.

"ఏం పడేశావయ్యా?"

"తమరి రాయే బాబూ," అన్నాడు పోసిరెడ్డి చేతులు జోడించి. "సంచీలో దేవుడి మూతి కనిపించింది. విరిగిపోయిన దేవుణ్ణి ఇంట్లో ఉంచుకుంటారేటండీ? అరిష్టం! గంగలో కలిపేశాను. తమరి మంచికే."

మాస్టారు తల పట్టుకుని కూలబడ్డారు. ఆయన్ని అలా చూడలేక వైదేహి చున్నీ నడుముకు బిగించి మడుగులోకి దూకింది.

అడుగు బురదలో పెదవులు చేతికి తగిలాయి. పక్కనే ఇంకేదో తగిలింది. ముక్కు, కన్ను, నుదుటి మీద ఈజిప్టు రాజులకుండే పడగెత్తిన పాము! గూటిలోని విరిగిన దేవుణ్ణి పూర్వం ఎవరో సరిగ్గా ఇలాగే నీళ్లలో కలిపేశారన్నమాట!

"నాన్నా! ఉన్నాడు! మీ రాజు ఉన్నాడు!"

ఆ రాతి ముఖానికి తాడు కట్టి జారుడు గట్టు మీదికి లాగి, ఆ తాడును బండకు బిగించారు. వైదేహి పెదవుల ముక్కను ముఖానికి ఆనించింది. వెంట్రుక దూరే సందు లేకుండా అతికింది. మాస్టారు చంటిపిల్లాడిలా ఏడ్చేశారు.

అంతలో బయట హోరు. పైన వాన కురిసి వాగు పొంగింది. నీళ్లు గుహలోకి దూసుకొచ్చాయి. "పరుగెత్తండి!" అంటూ ముందు ఉరికిన పోసిరెడ్డి ద్వారం దగ్గర కాలు జారి, వరదలో ఒక రాయిని పట్టుకు వేలాడాడు.

"నాన్నా, తాడు విప్పితే రాజు జారిపోతాడు!"

"పోనీవే! అక్కడ మనిషి పోతున్నాడు!"

మాస్టారు కత్తితో ముఖం దగ్గరి ముడి కోసి తాడు విసిరారు. ముఖం మడుగులోకి జారిపోయింది. పోసిరెడ్డిని లాగి, ముగ్గురూ గోడ పట్టుకుని బయటపడేసరికి ద్వారం దాకా నీళ్లు నిండాయి.

గట్టెక్కాక వైదేహి చున్నీ ముడి విప్పింది. నీళ్లు రాగానే ఆమె ముడేసుకున్న పెదవుల ముక్క అందులో భద్రంగా ఉంది.

"నేను కళ్లారా చూశాను నాన్నా. ఎవరడిగినా చెబుతాను."

మాస్టారు ఆ పెదవులను నిమిరి, రాయిని పోసిరెడ్డి చేతిలో పెట్టారు.

"ఎవరో ఒకరు నమ్ముతారనే ఇన్నాళ్లూ దాచాను. ఇక నాకెందుకయ్యా? అక్కడ రాజుగారికి నోరు లేదు."

పోసిరెడ్డి గుహ ద్వారం వైపు నడిచాడు. నీళ్ల మీదికి చెయ్యి చాపి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"వెయ్యమంటారా బాబూ?" అని ఈసారి అడిగాడు.