లేవలేని కుర్చీ

"ఈ కుర్చీలో కూర్చున్న ముసలాయన చచ్చినా లేవకూడదు. అలా చెయ్యాలంటే ఏం చెయ్యాలో చెప్పండి మేడమ్!"

కుర్చీల కార్ఖానాలో చేరిన మొదటి రోజే ఎవడో ఎదురొచ్చి ఇలా అడిగితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. చంకలో మెత్తల నమూనాలతో నిలబడ్డ ఆమెకీ మండింది.

"మీకేమైనా పిచ్చా? ముసలాళ్ళు తేలిగ్గా లేవాలనే కదా ఈ తంటా అంతా!"

"లేపడం ఎలాగంటే అందరూ చెప్పిందే చెబుతారు. లేవనివ్వకపోవడం ఎలాగో చెప్పండి."

"నేలబారుగా చెయ్యండి. నడుం దిగబడేంత మెత్త వెయ్యండి. చేతులు ఆనడానికి ఏమీ పెట్టకండి. కాళ్ళు వెనక్కి లాక్కోకుండా కింద పలక కొట్టండి. చాలా, ఇంకా చెప్పనా?"

"చాలు. ఇప్పుడు తిరగెయ్యండి."

తిరగేసింది. ఎత్తు పెరిగింది, మెత్త గట్టిపడింది, ఆనుడు చెక్కలు ముందుకు సాగాయి, మడమలు దూరడానికి కింద చోటొచ్చింది. ఆ కుర్చీ అమ్ముడుపోయినట్టు ఆ కార్ఖానాలో మరొకటి పోలేదు.

దాంతో ఓనరు ఇద్దరికీ ఒక గది ఇచ్చి రూలు పెట్టాడు: ఒకరు ఔనంటే రెండోవాళ్ళు కాదనాలి, కొత్త ఆలోచన పుట్టేదాకా. చెక్కపని చేసే అతగాడు ఏ మాట దొరికినా తిప్పేస్తాడని అందరూ 'తిరగలి' అనేవాళ్ళు. మెత్తలు కుట్టే ఆమె 'దూదిపింజ'. రోజంతా గొంతు చించుకుని, సాయంత్రం ఒకరి జుట్టులో పొట్టు ఇంకొకరు దులిపేవాళ్ళు. దులపడం కాస్త ఎక్కువసేపే పట్టేది. ఏమిటిదని మాత్రం ఎవరూ అడగలేదు.

మూడేళ్ళు గడిచాక దూదిపింజకి వాళ్ళక్క సంబంధం తెచ్చింది. బావకి తెలిసినవాళ్ళే. సాయంత్రంలోగా మాట చెప్పాలి.

ఆమె ఒక ఎత్తు వేసింది. తను సరేనంటే రూలు ప్రకారం అతను వద్దనాలి. అలా మొదలుపెడితే దాని వెనకున్న అసలు మాట ఎంతసేపు దాగుతుంది?

"ఆ సంబంధానికి సరే అనబోతున్నా."

చేతిలో గరుకు కాగితం పక్కన పెట్టాడు. "వద్దు."

ఆమె గుండె గంతేసింది. "ఎందుకట?"

"నీ కోపం భరించాలంటే ట్రైనింగ్ ఉండాలి. నువ్వు అన్నం ముందు కూర్చుని కూడా వాదిస్తావు. పాపం, వాడు నాలుగు రోజుల్లో ఎండిపోతాడు."

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే అడిగింది, "ఇది రూలా, నీ మాటా?"

ఒక్క ముక్క చాలు అక్కడ. కానీ పనితనం ఉన్నవాడికి పొగరు ఊరుకోదు.

"నువ్వు వద్దని ఉంటే, వెళ్ళమని ఇంతకంటే బాగా చెప్పేవాణ్ణి. వింటావా? కుర్రాడికి మంచి ఉద్యోగం. పక్కనే మీ అక్క. కష్టమొస్తే మనిషుంది. ఇక్కడేముంది? పొట్టు, జిగురు వాసన, నేనూ!"

చెప్పడం అయ్యాక, చప్పట్లు కొడతారేమో అన్నట్టు చూశాడు.

"బాగా చెప్పావు," అంది. చేతులు కడుక్కుని వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది. "సరే అని చెప్పక్కా."

"నిజంగానే? గొంతేంటే అలా ఉంది?"

"పొట్టు దుమ్ములే."

సాయంత్రం అక్క ఊరెళ్ళడానికి ఆమె బ్యాగు సర్దుకుని బస్టాపు చేరేసరికి వాన పట్టుకుంది. అతను తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు.

"వెళ్ళకు."

"కారణం?"

"లేదు. నువ్వు కావాలి, అంతే. ఎటు తిప్పినా ఈ మాట తిరగడంలేదు."

బస్సింకా రాలేదు. అక్కకి మళ్ళీ ఫోన్ చేస్తే నాలుగు చీవాట్లు పడతాయి, అంతకంటే పోయేదేమీ లేదు. కానీ పొద్దున తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది.

"నేను తిప్పనా? రేపు నీ ఇంట్లో నేనేడిస్తే, ఏడుపే మంచిదని వాదిస్తావు. ఉండమన్నా నీకొకటే, పొమ్మన్నా ఒకటే. రెండూ అంత బాగా చెప్పేవాడి పక్కన నేనేం నమ్ముకుని బతకాలి?"

అని, ఊపిరి బిగబట్టి చూసింది. కాదను. ఒక్కసారి కాదను చాలు, ఈ బ్యాగు మురిక్కాలవలో పారేస్తాను, అనుకుంది.

అతను ముఖం మీద నీళ్ళు తుడుచుకున్నాడు. ఎవరి మాటనూ తిప్పకుండా వినని మనిషి, ఆ మాట ఉన్నదున్నట్టుగా విన్నాడు.

"నిజమే," అన్నాడు. "నువ్వన్నది నిజమే."

జీతం తీసుకుని అన్నాళ్ళు కాదన్నవాడు, ఊరికే కాదనాల్సిన ఒక్క సాయంత్రం ఔనన్నాడు. పైగా అదేదో త్యాగమైనట్టు తలొంచుకుని, బస్సు రాగానే ఆమె బ్యాగు తనే పైకెక్కించి, కిటికీ పక్క సీటు చూపించి దిగిపోయాడు.

బస్సు మలుపు తిరగక ముందే అక్క ఫోను.

"వాళ్ళు ఆదివారమే వస్తామంటున్నారే. ఏమనను?"

ఆమె తడిసిన కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

"రమ్మనక్కా," అంది.