మోస్తార్‌లో గుమ్మడికాయ

ఉదయం వాకింగ్‌కని శ్రీనగర్ కాలనీలో ఇల్లు కదిలిన రాడార్ ఇంజనీర్ వరప్రసాద్ తిరిగి రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఫిల్మ్ నగర్‌లో నిర్మాత అనంతపద్మనాభం ఆఫీసులో బ్రీఫింగ్ మొదలైంది. ఏళ్ల తరబడి ఒక్క సినిమా కూడా రిలీజ్ చేయని ఆయన్ను ఎవరూ అనుమానించరు, ఆ వీధిలో అలాంటి నిర్మాతలు కొల్లలు. ఆయన సీక్రెట్ ఏజెన్సీ చీఫ్ అని తెలిసినవాళ్లు బహు తక్కువ.

"శత్రు ముఠా వరప్రసాద్‌ను దేశం దాటించేసిందట. సంహిత కబురు పంపింది," అన్నారు చీఫ్.

ఆ పేరు వినగానే ఏజెంట్ సుహాస్ మనసు ఊరుకోలేదు. మన తరఫున ఆ ముఠాలో చేరిన అందగత్తె సంహిత. కిందటేడు ఇద్దరూ భార్యాభర్తల వేషంలో మోస్తార్ అనే విదేశీ ఊరికి వెళ్లారు. యుద్ధంలో కూలిపోయిన వంతెననూ, నది ఒడ్డున ఇళ్లనూ రాయి రాయి పేర్చి మళ్లీ కట్టుకున్న పాత ఊరది. తిరిగి రాగానే వేషం తీసేయాలి. సుహాస్ మనసులో మాత్రం తీయలేదు.

స్క్రీన్ మీద సంహిత వీడియో. వెనక అదే వంతెన.

"ఆయన్ని మోస్తార్‌కే తెస్తున్నారు సార్. ప్యాచ్‌వర్క్ ఉంది, టీమంతా వచ్చేయండి."

ప్యాచ్‌వర్క్ అంటే వాళ్ల కోడ్‌లో రెస్క్యూ. టీమంతా ఎయిర్‌పోర్టుకు పరుగు తీసింది.

షేక్‌పేట ఫ్లైఓవర్ మీద డ్రైవర్ హనుమంతు కారు నడుపుతుంటే సుహాస్ ఆ వీడియో మళ్లీ పెట్టుకున్నాడు. డ్యూటీ కోసం కాదు, ఆమెను చూసుకోవడానికి. అప్పుడు కనిపించాయి ఆమె కాళ్ల దగ్గర కుంకుమ పులిమిన గుమ్మడికాయ ముక్కలు.

మోస్తార్‌లో గుమ్మడికాయ ఎవడు కొడతాడు? షూటింగ్ పూర్తయిన రోజు మన సినిమావాళ్లు కొడతారు. ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఓ భారీ చిత్రానికి అచ్చం అలాంటి వంతెనే సెట్ వేశారు. షూటింగ్ అయిపోయింది కాబట్టి ఇప్పుడక్కడ మనిషి ఉండడు. అంటే సంహిత ఉన్నది మోస్తార్‌లో కాదు, ఇక్కడే.

"హనుమంతూ, కారు తిప్పు. ఫిల్మ్ నగర్ పోదాం."

"ఏంది సార్, ఫ్లైట్ ఇడిసిపెడ్తరా?"

"మనం ఎక్కితే వాళ్లకే లాభం."

చీఫ్‌కు మెసేజ్ కొట్టి, స్టూడియో గేటు దగ్గర హనుమంతు ఖాకీ చొక్కా తగిలించుకుని లోపలికి నడిచాడు. సెట్ వంతెన కింద జనరేటర్ వ్యాన్ ఆగి ఉంది. మత్తులో తల వేలాడేసిన వరప్రసాద్‌ను ఇద్దరు అందులోకి ఎక్కిస్తున్నారు. పక్కనే సంహిత. ఖాకీ చొక్కాను ఆమె లెక్కచేయలేదు.

సుహాస్ వాచీలోంచి మత్తుసూదులు దూసుకెళ్లాయి. ఇద్దరూ కూలారు. స్టీరింగ్ దగ్గరున్న మూడోవాడు వరప్రసాద్‌తో సహా వ్యాన్‌ను ఉరికించాడు. గేటు దాటబోతుండగా హనుమంతు కారు అడ్డంగా పెట్టేశాడు. బెత్తెడు దూరంలో వ్యాన్ ఆగింది. వరప్రసాద్ దక్కాడు.

సంహిత పిస్టల్ తీసేలోపే సుహాస్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి వాళ్ల మనిషివి?"

"మొదట్నుంచీ."

అతనికి ఏడుపొచ్చింది. డ్యూటీలో ఉన్నానని గుర్తుచేసుకుని దిగమింగాడు.

"మోస్తార్‌లో నీతో ఉన్న నాలుగు రోజులూ నటన కాదు, సుహాస్."

"అక్కడి వంతెన కూడా పాతదానిలా కనిపించే కొత్తదే. ఎవరో చెప్పేదాకా నాకు తెలియలేదు."

మెసేజ్ అందుకుని వచ్చిన చీఫ్, సంహితకు బేడీలు వేయించాక సుహాస్ భుజం మీద చెయ్యేశారు.

"నీకు కొన్నాళ్లు సెలవిస్తానోయ్."

"సెలవు వద్దు సార్. నీ కోడలు ఈమే అని మా అమ్మకు చెప్పేశాను. కాదని చెప్పే మిషన్‌కు ఇంకో ఏజెంట్‌ను పంపండి."