చుక్కలు పడ్డ దరఖాస్తు

"అయిదింటికల్లా దరఖాస్తు ఆఫీసులో ఇవ్వకపోతే మా సెంటరు మూతపడుతుందండీ," అందావిడ డిటెక్టివ్‌తో, కూర్చోకుండానే.

చూపులేని వాళ్లకి పనులు నేర్పే శిక్షణ కేంద్రం ఆవిడది. సర్కారు గ్రాంటే దానికి ఆధారం. అధికారుల సంతకాలన్నీ అయిన దరఖాస్తు బీరువాలోంచి మాయమైంది.

అప్పటికి మూడయింది. డిటెక్టివ్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆయన వెతికితే దొరకనిదంటూ లేదని వెంట నడిచిన అసిస్టెంటు నమ్మకం.

సెంటరు బీరువాలో ఫైళ్లన్నీ ఒకే రంగువి. అట్టల మీద బ్రెయిలు చుక్కలు తప్ప అక్షరం లేదు. పై అరలో చివరి ఫైలు ఖాళీ.

"నిన్న అందులోనే పెట్టానండీ," అన్నాడు గుమాస్తా. "దరఖాస్తుకి మర్యాదగా ఉంటుందని మందపాటి కాగితం కూడా తెప్పించాను. రెండో తాళంచెవి మాస్టారి దగ్గరే ఉంది మరి!"

అక్కడ బ్రెయిలు నేర్పే మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. "పొద్దున కాగితాలు తీశానయ్యా, రోజూ తీసేవే. ఈ వయసులో నాకు దొంగతనం అంటగడతారా?" అన్నారాయన.

డిటెక్టివ్ ఖాళీ అట్ట గుమాస్తాకి చూపించాడు. "ఏముంది దీనిమీద?"

"చుక్కలండీ. అవన్నీ మాస్టారు చూసుకుంటారు. నాకెందుకు?"

"ఎన్నేళ్లయింది ఇక్కడ చేరి?"

"తొమ్మిది."

పక్కగదిలో శిక్షణకి వచ్చినవాళ్లు సూదులతో కాగితాల మీద టకటకా చుక్కలు పొడుస్తున్నారు. డిటెక్టివ్ అందరినీ అక్కడికే పిలిచి, అట్ట మాస్టారి చేతికిచ్చాడు.

"పాత కాగితాలు," అని వేళ్లతో చదివారాయన.

"దొంగ ఎవరూ లేరు," అన్నాడు డిటెక్టివ్. "బ్రెయిలుకి మందపాటి కాగితం కావాలి. కొనలేక, వాడేసిన వాటి మీదే పొడుస్తున్నారు. గుమాస్తాగారు చుక్కలు చదవలేక దరఖాస్తుని ఈ ఫైల్లో పెట్టారు. మాస్టారు అలవాటుగా తీసి పంచారు."

"ఇవాళ మంచి కాగితం దొరికిందర్రా అన్నాను," అన్నారు మాస్టారు, మొహం కప్పుకుని.

అసిస్టెంటు ఒక కాగితం తిప్పాడు. ముద్రలు, సంతకాలు, వాటి నిండా చిల్లులు. ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. చిల్లులు పడ్డ దరఖాస్తు చెల్లదన్నారు, గడువు పెంచేది లేదన్నారు. ఆవిడ గోడకి చేరబడి ఏడ్చేసింది. "ఆ చుక్కలు నేనూ నేర్చుకోలేదండీ," అంది. వెతికి పట్టుకుని మాత్రం ఏం లాభమని అసిస్టెంటుకి మొదటిసారి అనిపించింది.

వెనక బెంచీలో కొత్తగా చేరిన అమ్మాయికి ఏదీ సరిగా అర్థం కాలేదు. "మాస్టారూ, నాది అయిపోయింది. చదవనా?"

ఆ అమ్మాయి వేళ్లు కాగితం మీద నెమ్మదిగా కదిలాయి.

"రేపు కూడా పొద్దున్నే వస్తాను. రేపు కూడా పొద్దున్నే వస్తాను."

గుమాస్తా వంగి, ఆ చుక్కల మీద వేలు పెట్టి చూశాడు. అతనికి ఏమీ తెలియలేదు.