లక్కముద్ర వేసిన చుక్క

సముద్రపు ఒడ్డున మకరగిరి అనే రాజ్యం ఉండేది. ధూమిని అనే మాయావి ఆ తీరాన్ని శపించింది. అప్పటి నుంచి తుఫాను వచ్చే ముందు పొగమంచు కమ్మి, వేటకు వెళ్ళిన పడవలకు దారి కనపడేది కాదు. పిలుపు విని ఒక్క పడవ క్షేమంగా ఒడ్డు చేరినా చాలు, ఆ శాపం తీరిపోతుందట. విరుగుడుగా గురుకులం విద్యార్థులు ఒక మాట్లాడే చుక్కను తయారు చేశారు. రాగితీగలనూ స్ఫటికాలనూ తగరంతో అతికించి, ఇత్తడి పెట్టెలో అమర్చారు. గండభేరుండ పక్షి దాన్ని ఆకాశంలో నిలిపి వస్తే, తుఫాను కనపడగానే అది తన వెండి నాలుకతో పడవలను వెనక్కి పిలవాలి.

పిలిచిందా? లేదు. మొదటి చుక్క మూగబోయింది. రెండోదీ అంతే. ఆ రెండో చుక్కను నమ్మి సముద్రంలోకి వెళ్ళిన సింహాద్రి తిరిగి రాలేదు. అతని చెల్లెలు నూకరత్నం ఆ గురుకులంలోనే చదువుతోంది. మంత్రి విక్రాంతవర్మ ఏమన్నాడో తెలుసా పిల్లలూ? "చుక్కలో లోపం లేదు, రాజముద్ర ఉంది కదా. జాలరులకే చెవులు సరిగా లేవు" అన్నాడు. పోయినవాళ్ళ గురించి అలా అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

మూడో చుక్క తయారైంది. ఈసారి ముందు వెళ్ళేది నూకరత్నం తండ్రి పడవ. మంత్రి పెట్టె మూత మీద ఎర్రలక్క పోసి, 'పరీక్షించబడినది' అని ముద్ర గుద్దాడు.

"ఎవరు పరీక్షించారు?" అని అడిగింది నూకరత్నం.

"ముద్ర కనపడటం లేదా?"

"ముద్ర కనపడుతోంది. పరీక్షే కనపడలేదు."

ముహూర్తం దాటిపోతోందని మంత్రి కసిరాడు. ఆ పిల్లకు ఒళ్ళు మండింది. చుక్కను తానే పరీక్షించాలని గురువుగారి అనుమతి తీసుకుని, దాన్ని వీపున కట్టుకుని అడవి దారి పట్టింది.

అడవి మొదట్లోనే కంపనుడనే రాక్షసుడు అడ్డుపడ్డాడు. "ఓసి పిల్లా, ఇటు వచ్చినవాళ్ళను దులిపి పారేస్తాను" అన్నాడు.

"నన్ను కాదు, దీన్ని దులుపు. పక్షి మోసుకెళ్ళేటప్పుడు కుదుపులు ఇలాగే ఉంటాయి."

తనను ఒకరు పని అడగడం అదే మొదటిసారి కావడంతో రాక్షసుడు మురిసిపోయి, చుక్కను ఎడాపెడా ఊపాడు. లోపల ఒక తీగ ఊడింది. నూకరత్నం తగరం కరిగించి తీగను అతికించి, మళ్ళీ ఊపమంది. ఈసారి ఏదీ ఊడలేదు.

అడవి దాటాక లోయలో రెండు తలల పాము ఉంది. ఒక తల నిప్పు కక్కుతుంది, రెండోది మంచు ఊదుతుంది.

"చావడానికి వచ్చావా?" అంది నిప్పుతల.

"చావులు ఆపడానికి వచ్చాను. పైన ఎండ నీలా కాలుస్తుంది, నీడ నీ జంటతలలా గడ్డకట్టిస్తుంది. నా చుక్క తట్టుకుంటుందో లేదో చూడండి."

నిప్పు తగలగానే లక్కముద్ర కరిగి వెండి నాలుక మీదికి కారింది. మంచు తగలగానే రాయిలా బిగిసింది. చుక్క వెలుగుతూనే ఉంది, కానీ ఎంత అడిగినా నోరు మెదపలేదు.

నూకరత్నానికి దుఃఖమూ కోపమూ ఒకేసారి పొంగాయి. "మా అన్నను తుఫాను చంపలేదు. ఈ ముద్ర చంపింది" అంది. పాము రెండు తలలూ దించుకుంది. ఆమె లక్క మొత్తం గీకేసి, మళ్ళీ కాల్చమంది, మళ్ళీ గడ్డకట్టించమంది. "వెనక్కి రండి" అని చుక్క అరిచిన అరుపుకు లోయంతా మారుమోగింది.

ఆమె తిరిగొచ్చేసరికి మంత్రి మళ్ళీ లక్కగిన్నెతో సిద్ధంగా ఉన్నాడు. ఆమె రాజుగారి ముందే, గీకిన లక్కను దీపం మీద పెట్టి కరిగించి, అది వెండి నాలుకను ఎలా బిగించేసిందో చూపింది.

"ముద్ర వేయడం సంప్రదాయం, ప్రభూ" అని నసిగాడు మంత్రి.

"సంప్రదాయం పడవెక్కదు. మా నాన్న ఎక్కుతాడు" అంది నూకరత్నం.

ముద్ర లేకుండానే చుక్క పైకెళ్ళింది. తుఫాను నాడు అది పిలిచింది. పిలుపు విన్న మొదటి పడవ ఒడ్డు చేరగానే శాపం తొలగి, పొగమంచు విడిపోయింది. ఆ పడవ దిగిన తండ్రి కూతుర్ని పట్టుకుని, "మన చుక్కే పిలిచిందమ్మీ. అన్నను కూడా ఇలాగే పిలిచుంటేనా" అని ఏడ్చాడు.

రాజు ఆమెను పరీక్షశాలకు అధిపతిని చేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. "ఇకపై ముద్ర వేసినవారే మొదటి పడవలో కూర్చోవాలి" అని కోరింది నూకరత్నం. రాజు అక్కడికక్కడే శాసనం చేశాడు.

శాపం పోయినా తుఫానులు ఆగవు కదా, అందుకని చేసిన నాలుగో చుక్కను మంత్రిగారే నెత్తిన పెట్టుకుని అడవికి మోశారు. "ఇంకొంచెం గట్టిగా ఊపు నాయనా" అని కంపనుణ్ణి బతిమాలుకున్నారట.