రెండో సెగకు ఎక్కే ఎరుపు

సత్తుపల్లి దాటి అడవి మొదలయ్యే చోట సర్వర్ సాబు గాజుల బట్టీ ఉండేది. రెండువేల నాలుగు, శ్రావణం ముసురు. పగలే చీకటి. తడి బొగ్గు వాసన, రేకుల మీద వాన చప్పుడు.

అసలైన ఎర్రగాజు చేయడం ఆ చుట్టుపక్కల ఆయనొక్కడికే తెలుసు. బంగారాన్ని తేజాబులో, అంటే ఘాటు ఆమ్లంలో కరిగించి గాజు పాకంలో కలపాలి. గాజు నీళ్ల లెక్క తేటగా వస్తుంది. చల్లారినంక మళ్లీ సెగ చూపితేనే లోపలి ఎరుపు పైకొస్తుంది. దానికో కట్టు ఉంది: బంగారం ఎవరిదో వాళ్లే వచ్చి, తమ చేత్తో తేజాబులో వెయ్యాలి.

ఆ పొద్దు లంబాడి తండా నుంచి రూప్‌సింగ్ బంగారు ముక్కుపుల్ల తెచ్చిండు. బిడ్డ పెండ్లికి ఎర్రగాజులు కావాలన్నడు.

"ఇది నీ పెండ్లాం ద్వాలిది గదా. ఆమె ఏది?"

"రాలేదు సాబూ. నువ్వే వెయ్యి. చేతగాకుంటే చెప్పు, పోత."

ఇరవై ఏండ్ల కింద, నిండు సంతలో తన ఎరుపును ఇటికపొడి అన్న నోరు అదే. సర్వర్ సాబు మరిచే మనిషి కాదు. ఈసారి ఆ నోరు మూయించాలె. కట్టు పక్కనబెట్టి తనే వేసిండు.

పొద్దు వాలేటప్పటికి మొదటి గాజు వచ్చింది. ఒక్కటే. చల్లారినంక మనవరాలు తబస్సుం చేతికి ఎక్కించుకుని మురిసింది. తొమ్మిదేండ్ల పిల్ల, మణికట్టుకు వదులే.

కాసేపటికి...

"దాదా, ఇది రాట్లేదు."

గాజు బిగుసుకుంది. సెగ తగల్లేదు. అయినా అందులో సన్నటి ఎర్రపోగు తిరుగుతోంది... చిక్కబడుతోంది. పిల్ల కండ్లు మూతపడ్డయి, పెదాలు తెల్లబడ్డయి. అరచెయ్యి సున్నం. పట్టుకుంటే చల్లగా...

"ద్వాలి ఏదిరా?" సాబు గుమ్మం కాడ కాచుకుని కూసున్న రూప్‌సింగ్ మీదికి తిరిగిండు.

"పోయి నెలయింది. పాడె ఎక్కించేముందు ముక్కుపుల్ల నేనే తీసిన. చెప్తే చెయ్యవని..."

సాబు పట్టకారు అందుకుని గాజు చిట్లగొట్టిండు. ముక్కలు నీళ్ల లెక్క తేటగా రాలినయి. పిల్ల పెదాలకు రంగొచ్చింది. సాబు ఊపిరి వదిలిండు.

అప్పుడు తబస్సుం కండ్లు తెరిచి, తండా మాటల్లో ఏదో అన్నది. ఆ భాషలో దానికి ఒక్క ముక్క రాదు.

రూప్‌సింగ్ గోడకు అతుక్కుపోయిండు.

"ఏమన్నదిరా?"

"రెండో చేతివి పగలగొట్టకు... అంటున్నది."

పొద్దుటి నుంచి బోసిగా ఉన్న పిల్ల రెండో చెయ్యి ఓణీ కింద ఉంది. అక్కణ్ణుంచి, మెల్లగా, నిండు చేతి గాజుల గలగల.