ప్రమాణానికి ముందురోజు

శనివారం తెల్లవారేసరికే మలిండా వంటింట్లో పెద్ద గిన్నె పొయ్యెక్కింది. రేపటి ప్రార్థన వంతు వాళ్ళింటిది. నూట యాభై మంది వస్తారు. ప్రార్థనయ్యాక రొట్టెల మీద రాసుకోవడానికి తియ్యటి వేరుశనగ ముద్ద కుదరకపోతే, అమెరికాలోని ఈ హోమ్స్ కౌంటీలో, పాత కట్టుబాట్లు వదలని మా సంఘం ఆడవాళ్ళు ఆ మాట ఏడాదంతా చెప్పుకుంటారు. మొగుడు రోమన్ కొట్టంలో బల్లలు సర్దుతున్నాడు.

పైగా రేపు కూతురు వెర్నాకి బాప్తిస్మం. బతికినంతకాలం సంఘం కట్టుబాటు దాటనని మోకాళ్ళ మీద ప్రమాణం చెయ్యాలి. వేసవంతా పెద్దల దగ్గర పాఠాలు విన్నది. మలిండా తన చేత్తో కుట్టిన నల్ల గౌను మేడ మీద సిద్ధంగా ఉంది.

"పాకం దించి చల్లారనివ్వు. ఆ తర్వాతే వేరుశనగ వెన్న, మార్ష్‌మాలో నురగ. తొందరపడకు" అంది మలిండా.

వెర్నా తలూపి, పొగలు కక్కుతున్న పాకంలోనే అన్నీ గుమ్మరించేసింది. తెల్లటి నురగంతా కరిగి, నూనె పైకి తేలింది.

"నీ బుర్ర గడ్డి మేస్తోందా? చెవినిల్లు కట్టుకుని చెప్పానే!"

"అమ్మా, మధ్యాహ్నం బిషప్పు గారి దగ్గరికి వెళ్ళాలి కదా."

"వెళ్తావు. వెనక్కి తగ్గాలనుంటే ఇప్పుడే చెప్పమంటారు. లేదండీ అంటావు, వచ్చేస్తావు. ఇంతవరకూ ఎవరు తగ్గారని?"

"నేను తగ్గుతానమ్మా."

మలిండా గరిటె గిన్నెలో వదిలేసి కూతురి వైపు తిరిగింది.

"నర్సు చదువు చదువుతాను. కాన్పుల ఇంట్లో మూడేళ్ళుగా నేల తుడుస్తున్నాను. బిడ్డ అడ్డం తిరిగితే, తెలిసినవాళ్ళకి దారిచ్చి పక్కన నిలబడటమే నా పని. నావల్ల కాదమ్మా."

"మన సంఘంలో చదువు ఎనిమిదో తరగతి వరకే. అది నాకు చాలింది, మీ నాన్నకి చాలింది. మహారాణికి చాల్లేదు! రేపు అంతమందిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? ముందు ప్రమాణం చెయ్యి. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత వెళ్ళిపోతే? డ్రుసిల్లా పిన్నిలాగా?"

డ్రుసిల్లా మలిండా సొంత చెల్లెలు. ప్రమాణం చేసిన నాలుగేళ్ళకి వెళ్ళిపోయింది. వెలి పడి పదకొండేళ్ళు. వస్తే కిటికీ పక్కన వేరే బల్ల. ఆమె చేతిలోంచి ఎవరూ ఏదీ అందుకోరు. తెచ్చింది బల్ల మీద పెట్టి తను పక్కకి జరిగితే, అప్పుడు తీసుకుంటారు. అందరికంటే కచ్చితంగా ఆ నియమం పాటించింది మలిండాయే.

"ప్రమాణం చెయ్యకుండా వెళ్తే నన్ను వెలివెయ్యరమ్మా. వచ్చి నీ పక్కన కూర్చుని తింటాను. నువ్వు నోరారా తిట్టొచ్చు. నీ పరువు కోసం రేపు మోకాళ్ళ మీద అబద్ధం చెబితే, నా చేతి మంచినీళ్ళు కూడా నువ్వు ముట్టుకోలేవు."

మలిండా కుర్చీలో కూలబడింది. ఏప్రన్‌లో మొహం దాచుకుని ఏడ్చింది.

"దాన్నీ నేనే తొందరపెట్టానే" అంది వెక్కుతూ. "ఇంకో ఏడాది ఆగుతానక్కా అని బతిమాలింది. అమ్మకి ఒంట్లో బాగోలేదు, ముందు ప్రమాణం చేసెయ్యి అన్నాను. ఇవే మాటలు. నా చెల్లెల్ని ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టింది నేనేనే."

తల్లి పొద్దుటినుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చి, వెర్నా రొట్టె ముక్క కోసి, పాడైన ఆ ముద్దే పల్చగా రాసి, బల్ల మీద పెట్టబోయింది.

మలిండా ఆమె మణికట్టు పట్టుకుంది.

"బల్ల మీద పెట్టకు. నీ చేత్తో నా నోట్లో పెట్టు. తిన్నాక బిషప్పు గారింటికి ఇద్దరం కలిసే వెళ్దాం."